వచ్చిపోయే మనిషి

కొట్టు కొనడానికి వచ్చినావిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. బేరం కుదుర్చుతున్న మధ్యవర్తి కూడా ఆవిడ వెనకాలే వెళ్లాడు. గదిలో అక్కాతమ్ముళ్లిద్దరే మిగిలారు. ప్యాకింగ్ బల్ల మీదున్న టేపు చుట్ట తీసి అవతల పెట్టి, మళ్లీ దాన్నే తీసి ఇవతల పెట్టాడు తమ్ముడు. అక్క మొహం వంక మాత్రం చూడలేదు.

"వచ్చిపోయే మనిషినా నేను?" అంది పెద్దక్క.

అతను టేపు చుట్ట కొస గోటితో గీరుతున్నాడు.

జరిగింది ఇదీ. కాసేపటి కిందట ఆ కొనేవాళ్లావిడ గదంతా కలియదిరిగింది. అరల్లో మడిచిపెట్టిన గౌన్లు తీసి చూసింది, కుట్టు మిషన్ల దగ్గర కాసేపు నిలబడింది, చివరికి పెద్దక్క వైపు తిరిగి ఈవిడెవరని అడిగింది. తమ్ముడు తడుముకోలేదు. "మా అక్కండీ. పొద్దుపోక అప్పుడప్పుడూ వచ్చిపోతుంటుంది. పనితో ఆవిడకేం సంబంధం లేదు" అనేశాడు.

ఏం చెప్పమంటారు. అసలీ వ్యాపారం పుట్టిందే పెద్దక్క చేతుల్లో. తల్లి మంచాన పడ్డప్పుడు, చెయ్యెత్తలేని మనిషికి బట్టలు మార్చడం ఎంత నరకమో కళ్లారా చూసింది. పక్కనుంచి విప్పుకునేలా, అంచు పొడవునా టిచ్ బటన్లు వేసి, పడుకున్న మనిషిని లేపకుండానే తొడిగే గౌను ఒకటి కుట్టింది. తల్లి పోయింది, గౌను మిగిలింది. దాన్ని ఫోటో తీసి, వెబ్‌సైటు పెట్టి అమ్మకానికి ఉంచినవాడు తమ్ముడు. అంతవరకూ అతని గొప్పే, కాదనడానికి లేదు.

కానీ ఫోను మోగితే ఎత్తేది అక్క. కొలతలడిగేది అక్క. నడుమెంత, భుజమెంత అని ఎవరైనా అడుగుతారు. పెద్దక్క అన్నిటికంటే ముందు మంచం ఏ పక్క గోడకు ఆనుకుని ఉందో అడుగుతుంది. గోడ కుడివైపుంటే బట్టలు మార్చేవాళ్లు ఎడమవైపు నిలబడతారు. గౌను అటే తెరుచుకోవాలి. అది తప్పిందంటే ఎంత మెత్తటి గుడ్డ వాడినా దండగే. తల్లి కోసం కుట్టిన మొదటి గౌను అలాగే తప్పింది. అప్పుడు ఏడ్చిన ఏడుపు ఆమెకు ఇప్పటికీ గుర్తే.

ఫోన్లో అక్కా అక్కా అని పిలిచీ పిలిచీ కొనుక్కున్నవాళ్లే ఆమెకు పెద్దక్క అని పేరు పెట్టేశారు. ఇంట్లోవాళ్లకీ అదే అలవాటైంది. చివరికి వెబ్‌సైటుకూ అదే పేరు.

అలాంటి మనిషిని పట్టుకుని సంబంధం లేదన్నాడు. సరే, వాడన్నాడు. ఆమె ఏం చేసింది? అదీ అసలు విచిత్రం. చక్కగా నవ్వి, "అవునండీ, ఊరికే వచ్చి పోతుంటాను. మీరు నిలబడే ఉన్నారు, కూర్చోండమ్మా" అంది.

ఆ ఇంట్లో చిన్నప్పట్నుంచీ ఒకటే పద్ధతి. లోపల జుట్లు పట్టుకున్నా సరే, బయటివాళ్ల ముందు ఒకరి మాట ఒకరు తీసెయ్యకూడదు. తమ్ముడు చేయని తప్పుకూ చేసిన తప్పుకూ కూడా పెద్దక్క ఇలాగే ఎన్నోసార్లు వంత పాడింది. ఈసారీ నోరు దానంతటదే వంత పాడేసింది. తన గొయ్యి తనే తవ్వుకుంది పిచ్చిది.

"అడుగుతున్నాగా. చెప్పు" అంది మళ్లీ.

"అక్కా, అది బేరం మాట. పైపైన అన్నది. నువ్వు మనసులో పెట్టుకోకు."

"మనసులో పెట్టుకోకుండా ఎక్కడ పెట్టుకోమంటావు, ఆ అరలోనా?"

అమ్మకం సంగతి ఆమెకు కొత్తేం కాదు. లాభమంతా ప్రకటనలకే పోతోందని, పెద్ద కంపెనీలు ఇలాంటి గౌన్లు మొదలుపెట్టకముందే అమ్ముకుంటే మంచిదని తమ్ముడు ముందే చెప్పాడు. బాధపడింది, ఒప్పుకుంది. ఎవరు కొన్నా ఈ పని ఇక్కడే జరుగుతుంది, నువ్వే చేస్తావు అని అతనే ధైర్యం చెప్పాడు. తను లేకుండా ఏం కొంటారులే అని ఆమె కూడా నిశ్చింతగా ఉంది.

తమ్ముడు ఇక తప్పదన్నట్టు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మధ్యవర్తి తనకు చెప్పిందంతా అక్కకు విడమరిచి చెప్పాడు. ఇలాంటి కొట్లకు ధర కట్టేటప్పుడు ఏడాది లాభం ఎంతో చూస్తారట. దానికి రెండింతలివ్వాలా, మూడింతలివ్వాలా అన్నది వ్యాపారం ఎవరి మీద నిలబడి ఉందో చూసి తేలుస్తారట. ఒక్క మనిషి మీదే ఆధారపడిందనుకో, ఆ మనిషి జ్వరం వచ్చి పడుకుంటే కొట్టు మూత. అందుకని బాగా తగ్గించేస్తారు. ఎవరున్నా లేకపోయినా దానంతటది నడిచే వ్యాపారమైతే నోరు తెరిచినంత ఇస్తారు.

"అంటే నేను ఉన్నందువల్ల ధర తగ్గుతుందన్నమాట" అంది పెద్దక్క.

"నువ్వని కాదక్కా. ఎవరైనా."

"ఎవరైనా కాదురా. నేనే. ఇక్కడ ఇంకెవరున్నారు?"

ఆ మాటకు అతను తల పక్కకు తిప్పుకున్నాడు. కుట్టేవాళ్లిద్దర్నీ ఆ పూట పెందరాళే ఎందుకు పంపేశాడో అప్పుడర్థమైంది ఆమెకు. వాళ్లుంటే అయిదు నిమిషాలకోసారి అక్కా ఇది చూడు, అక్కా ఇది సరిపోయిందా అంటారు. కొనేవాళ్లు వింటారు.

ఫోను మోగింది. పక్కగదిలోంచి మరదలి గొంతు వినబడింది. తమ్ముడి భార్య. నెమ్మదైన పిల్ల, ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. "చెప్పండమ్మా... అయ్యో, ఎప్పుడు జరిగింది ఆపరేషన్? కంగారుపడకండి, మనం చూద్దాం. ముందు ఒకటి చెప్పండి, మంచం ఏ పక్క గోడకుంది?"

అయ్యో అనడం పెద్దక్కదే. మనం చూద్దాం అనడం ఆమెదే. ఆ రెంటికీ మధ్య కాసేపు ఆగడం కూడా ఆమెదే. మొన్నటిదాకా ఈ మాటలు వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. నా మరదలికి అచ్చం నా నోరే వచ్చిందని అందరితో చెప్పుకుని మురిసిపోయేది. ఇవాళ అవే మాటలు వింటుంటే ఒళ్లు చల్లబడింది.

ఆరేడు నెలల కిందట సంగతి. అక్కా, నడుం నొప్పని ఒక్కసారి కూడా నోరు విప్పి చెప్పవు, ఇలా అయితే అరిగిపోతావు అంటూ తమ్ముడు ఒక కుర్చీ కొని తెచ్చాడు. వెనక మెత్త, కింద చక్రాలు, చేతులు ఆనించుకోవడానికి దిండ్లు. ఇక నువ్వు కూర్చుని చెప్పు చాలు, ఫోన్లు నీ మరదలెత్తుతుంది, దానికి నేర్పు అన్నాడు. ఆ రోజు పెద్దక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. చుట్టాలందరికీ ఫోన్లు చేసి, నా తమ్ముడిలాంటివాడు ఎవరికీ ఉండడని చెప్పింది. మరదలు రోజూ పక్కనే కూర్చుని ప్రతి మాటా నేర్చుకుంటుంటే, ఎంత ప్రేమో చూడు, ఈ పిల్లకి నేనంటే అనుకుంది.

ఇంతలో మరదలు ఫోను పెట్టేసి గదిలోకొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

పెద్దక్క తమ్ముణ్ణి అడగలేదు. ఆ పిల్లనే అడిగింది. "ఆ కుర్చీ నా నడుం కోసం కొన్నారా, నన్ను పక్కకు నెట్టడానికి కొన్నారా?"

మరదలు భర్త వైపు చూసింది. అతను నేల చూశాడు.

"నాకు మొదట తెలీదు వదినా" అంది చివరికి. "మీకు విశ్రాంతిగా ఉంటుందనే అనుకున్నాను."

"ఎప్పుడు తెలిసింది?"

"మధ్యవర్తి వచ్చి, అక్కగారు లేకుండా కొట్టు ఎన్నాళ్లు నడిచిందో కొనేవాళ్లకు చూపించాలి అన్నప్పుడు."

"తెలిశాక?"

మరదలు చీర కొంగు అంచు పట్టుకుని మెలిపెడుతూ ఉండిపోయింది. తెలిశాక కూడా వచ్చి పక్కన కూర్చుంది. తెలిశాక కూడా, వదినా, వాళ్లు ఏడిస్తే మీరేమంటారు అని అడిగి నేర్చుకుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇక నోటితో చెప్పేదేముంది.

కొనేవాళ్ల ముందు తమ్ముడు అన్న మాట పెద్దక్కకు అప్పటికే చిన్నదైపోయింది. సంబంధం లేదన్నది ఇవాళ్టి అబద్ధం. ఈ ప్రేమంతా, ఈ మెత్తటి కుర్చీ అంతా ఆరేడు నెలల అబద్ధం. తనకు నడుం నొప్పి తగ్గుతోందని తను సంబరపడుతుంటే, వీళ్లు తనను కూరలో కరివేపాకులా కొంచెం కొంచెంగా తీసి పక్కన పెడుతున్నారు. అదీ తన చేతులతోనే, తన చేత నేర్పించుకునే.

ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. ఇంటికి వెళ్లాలి, భర్తకు చెప్పాలి. ఆయన వింటే ఊరుకోడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బావ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పైకెళ్లి కిందికొస్తాడు గానీ జీవితంలో ఒక్క అంతస్తు కూడా ఎక్కలేదని తమ్ముడు ఆటపట్టిస్తే, కిందపడలేదుగా, చాలదా అని నవ్వే మనిషి. పెళ్లైన ఇన్నేళ్లలో పెద్దక్కను ఒక్క మాట అని ఎరగడు. అత్తగారి మంచం పక్కన కూర్చుని మొదటి గౌనుకు బటన్లు కుట్టింది ఆయనే. ఎవరు కనబడినా మా ఆవిడ కొట్టు అంటాడు. తమ్ముడి కొట్టు అని పొరపాటున కూడా అనడు.

"ఉండక్కా. ఇంకో సంగతుంది" అన్నాడు తమ్ముడు.

అంతలో అతని ఫోను మోగింది. మధ్యవర్తి. కిటికీ దగ్గరకు వెళ్లి, సరేనండీ, చెబుతానండీ, ఇవాళే అడుగుతానండీ అని గొంతు తగ్గించి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి అతని మొహంలో రక్తం లేదు. చెప్పాల్సింది నోట్లోనే నానబెట్టి నానబెట్టి, ముక్కలుముక్కలుగా బయటపెట్టాడు. కొనేవాళ్లు పెద్దక్క దగ్గర్నుంచి ఒక కాగితం అడగొచ్చని మధ్యవర్తి మొదట్నుంచీ అంటున్నాడట, ఇప్పుడు ఆవిడ అది తప్పకుండా కావాలందట. ఇకమీదట ఇలాంటి గౌన్లు ఎక్కడా కుట్టనని, అమ్మనని, ఇంకెవరికీ నేర్పనని, కొనుక్కునేవాళ్లతో ఫోన్లో కూడా మాట్లాడనని రాసి సంతకం పెట్టాలట.

పెద్దక్క సంచీ దించలేదు. "పనితో సంబంధం లేనిదాని సంతకం వాళ్లకెందుకురా?"

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడ నిన్ను గుర్తుపట్టిందక్కా."

ఆవిడ తల్లి కూడా మంచంలో ఉన్నప్పుడు ఇక్కణ్ణుంచే గౌన్లు తెప్పించుకుందట. ఒకరోజు కొలతలు చెబుతూ చెబుతూ ఫోన్లోనే ఏడ్చేసిందట. పెద్దక్క చాలాసేపు మాట్లాడిందట. ఆ తర్వాత తల్లి పోయింది. మొహం ఎన్నడూ చూడలేదు గానీ, కూర్చోండమ్మా అన్న మాట వినగానే ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయిందట. మెట్లు దిగుతూనే మధ్యవర్తితో అందట. ఆ గొంతు కోసమే నేను ఈ కొట్టు కొనాలనుకున్నాను, అది రేపు ఇంకోచోట వినబడితే నేను కొన్నదేంటి అని.

పెద్దక్క గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఏ తల్లి, ఏ కూతురు. గుర్తు రాలేదు. ఫోన్లో ఏడ్చినవాళ్లు ఒకరా ఇద్దరా. అందరికీ ఒకేలా ధైర్యం చెప్పింది, ఎవరి పేరూ మనసులో పెట్టుకోలేదు. అలా ఓదార్చిన నోటినే కట్టిపడెయ్యమని ఇప్పుడు ఆ మనిషే అడుగుతోంది. పరాయి మనిషి, ఆమెననేదేముంది. ఇంట్లోవాళ్లే అడుగుతుంటే.

"సంతకం లేకపోతే?"

"ఇస్తామన్నదాంట్లో మూడో వంతు ఇస్తే ఎక్కువ."

పెద్దక్క నవ్వింది. ఆ నవ్వుకు మరదలు ఉలిక్కిపడింది.

"బాగుందిరా. నేను ఉంటే ధర తగ్గుతుంది, నేను పోతే ధర పడిపోతుంది. ఇంతకీ నేను ఉండాలా పోవాలా, ముందు అది తేల్చుకోండి."

"నువ్వు ఊరికే ఇంట్లో కూర్చోవాలక్కా. అంతే."

అంతేనట. కింద టైర్ల దుకాణంలో ఎవరో సుత్తితో కొడుతున్నారు. పెద్దక్కకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

పొద్దున లేస్తే తను చేసే పని అది. అది తప్ప ఇంకో పని రాదు, అక్కర్లేదు కూడా. ఎవరింట్లోనో ఎవరో కదల్లేక పడుకుని ఉంటారు, వాళ్లకు నొప్పి లేకుండా బట్టలు మార్చే దారి తనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని నోట్లోనే పెట్టుకుని, పక్కింటివాళ్లు వచ్చి అడిగినా నాకు తెలీదని చెప్పాలన్నమాట. బతికినన్నాళ్లూ.

"నేను పెట్టను" అంది.

తమ్ముడికి కూడా కోపం వచ్చింది. అతనిదీ కష్టమేగా మరి. రేయీ పగలూ ఆ వెబ్‌సైటుకు కాపలా కాసి కళ్లు పోగొట్టుకున్నానన్నాడు. వాపసొచ్చిన ప్రతి ప్యాకెట్టుకీ తిట్లు తిన్నది తనన్నాడు. నాకు మాత్రం అలసట ఉండదా, ఇప్పుడు అమ్మకపోతే రెండేళ్ల తర్వాత దీన్ని ఎవరూ కన్నెత్తి కూడా చూడరు అన్నాడు. చివరికి ఇన్నాళ్లూ దాచుకున్న మాట తీశాడు.

"పేరు రాయించుకోమని నేనే అడిగాను, గుర్తుందా? మన మధ్య కాగితాలేంటిరా అన్నది నువ్వు. ఇప్పుడు కాగితాల ప్రకారం ఇది నాది."

నిజమే. అన్నది. ఆ రోజు అలా అన్నందుకు ఎంత గర్వపడిందో కూడా గుర్తుంది. తోడబుట్టినవాడి దగ్గర సంతకాలు తీసుకుంటారా ఎవరైనా అనుకుంది. ఇప్పుడు ఆ తోడబుట్టినవాడే తన దగ్గర సంతకం తీసుకోవడానికి నిలబడ్డాడు.

"నీదే. కాదన్నానా?" అంది నెమ్మదిగా. "కొట్టు నీది. అమ్ముకో. నా నోరూ నా చేతులూ ఏ కాగితం ప్రకారం నీవిరా?"

మరదలు ఏడుస్తూ గోడ వైపు తిరిగింది.

ముందు మెత్తబడింది తమ్ముడే. నీకివ్వాల్సింది నీకిస్తాను, అన్యాయం చేయను అన్నాడు. ఈ బేరం పోతే మళ్లీ రాదక్కా అన్నాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు పలికినట్టు పలికాడు అక్కా అని. పెద్దక్క గుండె కరగబోయింది. కరగనిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పెట్టేస్తుంది సంతకం. అందుకని తప్పించుకోవడానికి ఒక దారి వెతికింది. దొరికింది కూడా, బలమైన దారే.

"మీ బావ రానీ. ఆయన పెట్టమంటే పెడతాను. ఆయన ఒప్పుకోకపోతే మళ్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకు. ఒట్టు."

ఆయన ఒప్పుకోడు. ఆయన గట్టిగా వద్దంటాడు, తను మెత్తబడక్కర్లేదు. తమ్ముడితో పగ కూడా ఉండదు, బావ వద్దన్నాడు అని సరిపెట్టుకుంటారు. ఆ ధైర్యం మీదే అంది ఆ మాట.

"సరే" అన్నాడు తమ్ముడు.

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఇంకాస్త బతిమాలుతాడనుకుంది. మరదలు మాత్రం చటుక్కున ఇటు తిరిగి, "వదినా" అంది. ఏదో చెప్పబోయింది. భర్త చూసిన చూపుకు ఆగిపోయింది. ఆ పిల్ల ఏం చెప్పబోయిందో అడిగే ఓపిక కూడా పెద్దక్కకు లేదు. ఏడ్చిన మొహాలు చూడలేక అరల వెనక్కి, కుట్టుమిషన్ల దగ్గరకు వెళ్లింది. కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. సగం కుట్టి వదిలేసిన గౌను ఒకటి మిషను మీదుంటే తీసుకుని బటన్ల వరస సరిచూస్తూ కూర్చుంది. చేతులకేదో ఒక పని ఉండాలి.

పొద్దు వాలింది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ అడుగులు ఆమెకు తెలియనివి కావు. పనిముట్ల సంచీ బరువుకు ఎడమ కాలు కాస్త గట్టిగా పడుతుంది. ఒక్కసారిగా గుండె బరువు దిగిపోయింది. గౌను పక్కన పెట్టి, లేచి, చేతులు దులుపుకుంది. ఆయన గదిలోకొచ్చి సంచీ దించిన శబ్దం వినబడింది. ఎదురెళ్లబోయింది.

అరలు అడ్డుండి ఆయనకు బావమరిది ఒక్కడే కనబడ్డట్టున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు గొంతు తగ్గించి. "పెట్టిందా సంతకం? పెట్టకపోతే నాకొదిలెయ్యమని ముందే చెప్పానుగా. దానికి లోకంలో నా మాటొక్కటే నమ్మకం. నేను పెట్టమంటే పెడుతుంది."